పాచినోరు, పక్కవారి ముక్కు

మన ఇళ్ళలో పొద్దునపూట తరచుగా వినపడే మాట ఒకటుంది: "మొహం కడుక్కుని రండి, కాఫీ కలుపుతాను." మాట మొహం గురించి, ఉద్దేశం నోటి గురించి. తెలుగులో 'మొహం కడుక్కున్నావా' అంటే పళ్ళు తోముకున్నావా అనే అర్థం. పళ్ళు, నాలుక, వాసన అనే మాటలేవీ పైకి రాకుండానే పని జరిగిపోతుంది. మిగతాది కాఫీ ఆశ చూసుకుంటుంది. ఎవరూ నొచ్చుకోరు, ఎవరూ సంజాయిషీ చెప్పుకోరు. ఈ చిన్న వాక్యంలో ఒక శరీరధర్మం, ఒక దాంపత్య మర్యాద కలిసి ఉన్నాయి. రెండింటిలో మొదటిది తెలిస్తేనే రెండోదాని విలువ అర్థమవుతుంది.

ముందు 'పాచి' అనే పదం చూద్దాం. నీళ్ళతొట్టి గోడలకు జారుడుగా పట్టేది పాచి. రాత్రి వదిలేసిన అంట్లు తోమి, వాకిలి ఊడ్చేది పాచిపని. నిద్రలేచాక కడగని నోరు పాచినోరు, పళ్ళమీద పట్టింది పాచి. తొట్టి గోడకూ పంటికీ ఒకే పేరు పెట్టిన మన పూర్వులకు సూక్ష్మదర్శిని లేదు గానీ, వేలితో తడిమి చూసినప్పుడు తగిలే ఆ జిగురు తెలుసు. సూక్ష్మజీవులు ఒక తడి ఉపరితలానికి అంటుకుని, తామే స్రవించిన జిగురులో గూడు కట్టుకుని, గుంపుగా బతికే ఏర్పాటును శాస్త్రజ్ఞులు ఇప్పుడు 'బయోఫిల్మ్' అంటున్నారు. ఆ పదానికి తెలుగు కోసం పరిభాషా నిఘంటువులు వెతకనక్కర్లేదని నా అభిప్రాయం. పాచి అంటే సరిపోతుంది.

ఆరోగ్యవంతుడి నోరు రాత్రి పదింటికి ఒకలా, తెల్లవారుజామున ఐదింటికి ఇంకోలా ఉండటానికి మొదటి కారణం లాలాజలం. మనిషికి రోజుకు అర లీటరు నుంచి లీటరున్నర దాకా లాలాజలం ఊరుతుంది. అది నోటిని తడిపే నీరు మాత్రమే కాదు, ఎప్పుడూ పారే కాలువ. రాలిన కణాలను, ఆహారపు తునకలను, బ్యాక్టీరియాను మింగుడుతో పాటు కిందికి తోసేస్తుంది. వెంట ఆక్సిజన్‌ను మోసుకొస్తుంది. నిద్రపట్టగానే ఈ కాలువ దాదాపు ఎండిపోతుంది. చెవుల ముందుండే పెద్ద లాలాజల గ్రంథులు పనిని ఇంచుమించు ఆపేస్తాయి. మింగడం తగ్గుతుంది, మాట ఉండదు, నాలుక కదలదు. పారే నీళ్ళు నిలిచిపోతే చెరువుకు ఏమవుతుందో నోటికీ అదే అవుతుంది.

మనిషి నోళ్ళలో ఇప్పటిదాకా గుర్తించిన బ్యాక్టీరియా జాతులు సుమారు 700. ఒక్కొక్కరి నోట్లో వాటిలో కొన్ని వందలు కాపురముంటాయి. అన్నీ కంపుకొట్టేవి కావు. పగలు ఆక్సిజన్ అందుతున్నంతసేపు పిండిపదార్థాలను, చక్కెరలను పులియబెట్టి ఆమ్లాలు తయారుచేసే రకాలది పైచేయి. వాటివల్ల పళ్ళు పుచ్చుతాయేమో గానీ వాసన పెద్దగా రాదు. రాత్రి ఆక్సిజన్ తగ్గి, చక్కెరలు అయిపోయాక వంతు మారుతుంది. నాలుక వెనక భాగంలోని మొటిమల్లాంటి బుడిపెల సందుల్లో, చిగురుకూ పంటికీ మధ్యనున్న ఇరుకుల్లో దాగిన ఆక్సిజన్ గిట్టని జాతులు పనిలోకి దిగుతాయి. వీటి తిండి మాంసకృత్తులు. తిండి బయటినుంచి రానక్కర్లేదు. నోటి లోపొరనుంచి రాలిన మన కణాలే ఉన్నాయి, లాలాజలంలోని జిగురు ప్రోటీన్లున్నాయి, చిగుళ్ళు వాచి ఉంటే కాస్త రక్తం కూడా ఉంటుంది. అందుకే రాత్రి ఉపవాసమున్నవాడి నోరు కూడా పొద్దున వాసన వస్తుంది.

ప్రోటీన్లు విరిగి అమైనో ఆమ్లాలవుతాయి. వాటిలో గంధకం ఉన్నవి రెండు: సిస్టీన్, మిథియోనిన్. బ్యాక్టీరియా సిస్టీన్‌ను విడగొడితే హైడ్రోజన్ సల్ఫైడ్ వస్తుంది, అంటే కుళ్ళిన గుడ్డు వాసన. మిథియోనిన్ నుంచి మిథైల్ మెర్కాప్టన్ వస్తుంది, అది కుళ్ళిన క్యాబేజీ వాసన. మూడోది డైమిథైల్ సల్ఫైడ్. గంధకం లేని అమైనో ఆమ్లాలు కూడా ఊరుకోవు. లైసిన్ నుంచి కెడావరిన్, ట్రిప్టోఫాన్ నుంచి ఇండోల్, స్కటోల్ అనేవి తయారవుతాయి. స్కటోల్ మలానికి దాని వాసననిచ్చే పదార్థం. కెడావరిన్‌కు ఆ పేరు శవం అనే అర్థమున్న లాటిన్ మాటనుంచి వచ్చింది. పెళ్ళినాటి ఫోటోలో నవ్వుతున్న ఏ జంట నోట్లోనైనా రాత్రికి ఈ సరుకంతా తయారవుతూనే ఉంటుంది. మ్యాన్‌హోళ్ళలో దిగిన కార్మికుల ప్రాణాలు తీసే వాయువు కూడా ఈ హైడ్రోజన్ సల్ఫైడే. నోట్లో పుట్టే మోతాదు దానికి వేల రెట్లు తక్కువ. ప్రమాదమేమీ లేదు, కానీ మనిషి ముక్కు ఈ వాయువు విషయంలో చాలా చురుకైనది. వంద కోట్ల పాళ్ళ గాలిలో కొద్ది పాళ్ళున్నా పసిగట్టేస్తుంది.

నోటివాసనకు ప్రధాన కారణం ఈ గంధకపు వాయువులేనని 1960లు, 70లలో ప్రయోగాలతో నిలబెట్టినవాడు కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయానికి చెందిన జోసెఫ్ టోంజెటిచ్. గాలిలోని వాయువులను ఒక్కొక్కటిగా విడదీసి కొలిచే గ్యాస్ క్రొమటోగ్రఫీని ఆయన నోటిగాలికి ప్రయోగించాడు. అంతకుముందు ఈ విషయమంతా ఊహలమీద, నానుడులమీద నడిచేది. ఇప్పటికీ చాలామంది "కడుపులో వేడి చేసింది, అందుకే నోరు కంపు" అంటుంటారు. అన్నవాహిక మామూలు వేళల్లో మూసుకునే ఉంటుంది. త్రేన్పు వచ్చినప్పుడు తప్ప కడుపులోని గాలి పైకి రాదు. దీర్ఘకాలం వేధించే నోటివాసనల్లో 80 నుంచి 90 శాతం దాకా నోట్లోనే పుడతాయని దంతవైద్యుల లెక్క. మిగిలిన దాంట్లో ఎక్కువ భాగం ముక్కు, సైనస్, టాన్సిల్స్‌ది.

వెల్లుల్లి మాత్రం వేరే కథ. 1936లో ఇద్దరు అమెరికన్ వైద్యులు, నోటితో తినలేని ఒక రోగికి గొట్టం ద్వారా నేరుగా జీర్ణాశయంలోకి వెల్లుల్లి సూప్ పంపారు. నోటికి ఒక్క చుక్క తగలలేదు. అయినా కొన్ని గంటల తర్వాత అతని ఊపిరిలో వెల్లుల్లి వాసన వచ్చింది. వెల్లుల్లినుంచి తయారయ్యే అల్లైల్ మిథైల్ సల్ఫైడ్ అనే పదార్థం పేగుల్లోంచి రక్తంలోకి, రక్తంలోంచి ఊపిరితిత్తులకు చేరి ప్రతి నిశ్వాసతోనూ బయటికొస్తుంది. రాత్రి వెల్లుల్లికారంతో ఇడ్లీ తిన్నవారు పొద్దున ఎంత బ్రష్ చేసుకున్నా లాభం లేకపోవడం ఇందుకే. బ్రష్ ఊపిరితిత్తుల దాకా పోదు. ఈ విషయంలో దంపతులిద్దరూ ఒకే కంచంలో తినడం కన్నా మంచి చికిత్స నాకు తెలియదు.

నాలుక గురించి మన పాత వైద్యం చెప్పిన మాట ఆశ్చర్యం కలిగిస్తుంది. బంగారం, వెండి, రాగి, తగరం, ఇత్తడితో చేసిన, పదును లేని, వంపు ఉన్న నాలుకబద్దలు వాడమని చరక సంహిత చెబుతుంది. నాలుక మొదట్లో చేరిన మలినమే దుర్వాసనకు కారణమని కూడా అంటుంది. నాలుక కొన కాదు, మొదలు. ఇవాళ దంతవైద్యుడు నాలుక వెనక భాగం శుభ్రం చేసుకొమ్మని చెప్పేది దాదాపు అదే. వేపపుల్ల నమిలి, దాన్నే రెండుగా చీల్చి నాలుక గీసుకున్న తరాలు ఆ పని చేస్తూనే వచ్చాయి. అయితే ఒకటి ఒప్పుకోవాలి. నాలుక గీసుకున్న ఫలితం ఎక్కువసేపు నిలవదు. బ్యాక్టీరియా కొన్ని గంటల్లో మళ్ళీ పేరుకుంటుంది. ఇంకొకటి కూడా: మన ఆచారమంతా ఉదయం చుట్టూ అల్లుకుంది. పాచి పోగొట్టుకోవడం పొద్దున పని. పాచి కట్టకుండా చూసుకోవడం మాత్రం రాత్రి పని, ఆ రెండోదానికి మన ఇళ్ళలో అంత పట్టింపు లేదు. రాత్రి భోజనం తర్వాత పళ్ళ సందులు, నాలుక శుభ్రం చేసుకుని పడుకుంటే తెల్లవారేసరికి ఆ బ్యాక్టీరియాకు దొరికే విందు చాలావరకు తగ్గుతుంది. ముక్కు మూసుకుపోయి నోటితో ఊపిరి పీల్చేవారికి, గురక పెట్టేవారికి, పడుకునేముందు మద్యం పుచ్చుకునేవారికి, అలర్జీకో మానసిక కుంగుబాటుకో మందులు వాడేవారికి నోరు మరింత ఎండిపోతుంది. వాళ్ళ పాచి వాసన ఇంకో మెట్టు పైన ఉంటుంది.

ఇక అసలు చిక్కు. ఈ వాసన అందరికన్నా ఆలస్యంగా తెలిసేది దాని యజమానికే. "తన కంపు తనకింపు, పరుల కంపు ఓకరింపు" అని మన సామెత. సామెత దీన్ని స్వభావంలోని లోపంగా చూస్తుంది, నిజానికి ఇది నాడీవ్యవస్థ పనితీరు. ఒకే వాసన ఆగకుండా తగులుతూ ఉంటే ముక్కులోని గ్రాహకాలు, మెదడులోని వాసన కేంద్రాలు దానికి స్పందించడం తగ్గించేస్తాయి. కొత్త వాసనను పట్టుకోవడానికి పాతదాన్ని పక్కన పెట్టడం అన్నమాట. అగరొత్తుల దుకాణంలో పనిచేసేవాడికి అగరొత్తుల వాసన తెలియదు. తన నోరు తన ముక్కుకు రెండంగుళాల కింద పుట్టినప్పటినుంచీ ఉంది మరి.

అరచెయ్యి అడ్డంపెట్టి ఊది వాసన చూసుకోవడం అందరికీ అలవాటే. దానివల్ల తెలిసేది చేతి వాసనే ఎక్కువ. టెల్ అవీవ్ విశ్వవిద్యాలయంలో నోటివాసన మీద దశాబ్దాలు పనిచేసిన మెల్ రోజెన్‌బర్గ్ బృందం 1990లలో ఈ విషయాన్నే పరీక్షించింది. మనుషులు తమ నోటికి తాము వేసుకున్న మార్కులకూ, శిక్షణ పొందిన పరీక్షకులు వేసిన మార్కులకూ పొంతన కుదరలేదు. లాలాజలాన్ని విడిగా తీసి చూపించినప్పుడు మాత్రం కాస్త కుదిరింది. అందుకే మణికట్టును నాలుకతో తడిపి, కొన్ని క్షణాలు ఆరనిచ్చి వాసన చూసుకొమ్మని సలహా ఇస్తారు. అంతకన్నా నమ్మదగిన పరికరం పక్కవారి ముక్కు. వాయువులు కొలిచే యంత్రాలు ఎన్ని వచ్చినా పరిశోధనల్లో ప్రమాణంగా ఇప్పటికీ నిలిచింది మనిషి ముక్కే. 0 నుంచి 5 వరకు మార్కులు వేసే పద్ధతి ఒకటి వాడుకలో ఉంది.

అంటే, మన శరీరానికి సంబంధించిన ఒక సమాచారం ప్రకృతి ఏర్పాటు ప్రకారమే మన దగ్గర ఉండదు, ఎదుటివారి దగ్గర ఉంటుంది. ఆ ఎదుటివారు అత్యంత దగ్గరగా, అత్యంత తరచుగా ఉండేది పడకగదిలో. అక్కడివారు నోరు విప్పకపోతే ఇంకెవరూ విప్పరు.

ఈ చిక్కు చాలా పాతదని చెప్పడానికి గ్రీకు రచయిత ప్లూటార్క్ రాసిన ఒక చిన్న ఉదంతం ఉంది. సిసిలీ దీవిలోని సైరక్యూస్‌ను క్రీస్తుపూర్వం 5వ శతాబ్దంలో హియెరో అనే పాలకుడు ఏలాడు. ఒకసారి ఒక శత్రువు ఆయన నోరు కంపుకొడుతోందని ఎగతాళి చేశాడు. హియెరో ఇంటికొచ్చి, ఇన్నాళ్ళూ నువ్వైనా ఎందుకు చెప్పలేదని భార్యను నిలదీశాడు. మగవాళ్ళందరి నోళ్ళూ ఇలాగే ఉంటాయనుకున్నానని ఆమె బదులిచ్చింది. ప్లూటార్క్ ఈ కథను శత్రువులవల్ల కలిగే లాభాలు వివరించే వ్యాసంలో వాడుకున్నాడు. మిత్రులు దాచేది శత్రువు చెబుతాడన్నది ఆయన వాదం. ఆ ఇల్లాలి మాటను ఆమె శీలానికి రుజువుగా మెచ్చుకున్నారు. నాకు మాత్రం ఆ జవాబు ఎప్పుడు చదివినా అనుమానమే. అది అమాయకత్వమా, లేక నియంతకు భార్య అయినదాని చాకచక్యమా? ఎటు చూసినా, ఆమె చెప్పకపోవడానికి ముక్కు కన్నా పెద్ద కారణం ఆ ఇంట్లో ఎవరి కోపం ఎవరిమీద చెల్లుతుందన్నదే అయి ఉండొచ్చు. తప్పు తనదైనా నిలదీయబడింది ఆమే కదా.

మన ఇళ్ళలోనూ ఈ మాట అన్ని దిక్కులా ఒకేలా పారదు. భర్త భార్యను, అత్త కోడలిని "నోరు కంపు" అనడానికి పెద్దగా ఆలోచించరు. సిగరెట్టు, ఖైనీ, గుట్కా, మందు కలిసిన ఊపిరిని ఏళ్ళ తరబడి భరించి, మొహం పక్కకు తిప్పుకుని పడుకున్న ఆడవాళ్ళు మాత్రం ఆ మాట పైకి అనరు. వాళ్ళ మౌనాన్ని సహనమని మెచ్చుకోవడం నాకిష్టముండదు. ఆ మగవాడి నోట్లో తెల్లమచ్చో, మానని పుండో, తెరుచుకోని దవడో ఉంటే మొదట గమనించగలిగేది ఆమే. పొగాకు సంగతి సరే, వక్క కూడా క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ తేల్చింది. తాంబూలంలోని లవంగం, యాలకులు, పచ్చకర్పూరం నోటిని కాసేపు సువాసన చేసేవే, వక్క మాట వేరు.

సంకోచం ఆడవారిదో మగవారిదో మాత్రమే కాదు, మనిషి జాతిది. చెడువార్త చెప్పడానికి మనుషులు వెనకాడటాన్ని 1970లో అమెరికాలోని జార్జియా విశ్వవిద్యాలయానికి చెందిన సిడ్నీ రోజెన్, ఏబ్రహాం టెస్సర్ ప్రయోగాలతో చూపించి, దానికి 'మమ్ ఎఫెక్ట్' అని పేరు పెట్టారు. మంచి కబురు మోసుకెళ్ళడానికి ముందుకొచ్చినవాళ్ళు చెడ్డ కబురు దగ్గర నాలుక కరుచుకున్నారు. 2022లో వెలువడిన ఇంకో పరిశోధన మన విషయానికి మరీ దగ్గరిది. హార్వర్డ్ బిజినెస్ స్కూల్ వాళ్ళు చేసిన చిన్న పరీక్ష అందులో ఉంది. సర్వే చేసే వ్యక్తి మొహం మీద లిప్‌స్టిక్ మరకో, చాక్లెట్ మరకో కనపడేలా పెట్టుకుని 212 మందితో మాట్లాడింది. వారిలో 155 మంది మరకను గమనించామని తర్వాత ఒప్పుకున్నారు. ఆమెకు చెప్పినవాళ్ళు నలుగురు. చెబితే ఎదుటివారు ఎంత మేలు పొందుతారో మనం తక్కువగా అంచనా వేస్తామని, అందుకే ఊరుకుంటామని ఆ పరిశోధన తేల్చింది. మొహం మీది మరక అద్దంలో అయినా కనపడుతుంది. నోటివాసనకు అద్దం లేదు.

ఈ మౌనాన్ని సొమ్ము చేసుకున్నవాళ్ళు కూడా ఉన్నారు. 1879లో శస్త్రచికిత్సల కోసం తయారైన లిస్టరిన్ అనే క్రిమినాశినిని 1914 నుంచి అమెరికాలో నోరు పుక్కిలించే ద్రవంగా దుకాణాల్లో అమ్మారు. 1920లలో దాని ప్రకటనలు 'హాలిటోసిస్' అనే మాటను ఇంటింటికీ చేర్చాయి. ఆ మాట 1874లో జోసెఫ్ హోవ్ అనే వైద్యుడు నోటివాసన మీద పుస్తకం రాసిన నాటినుంచి వైద్యంలో ఉన్నదే. పెళ్ళికాని పడుచు, అలిగిన భర్త, దూరమైన స్నేహితులు ఆ ప్రకటనల పాత్రలు. నీ నేస్తాలు కూడా నీకు చెప్పరు సుమా అన్నది వాటి బెదిరింపు. చెప్పకపోవడం నిజమే గనక ఆ బెదిరింపు పనిచేసింది. సహజమైన ఒక శారీరక స్థితి, సీసా కొంటే తప్ప తీరని అవమానమైపోయింది.

ఆ పక్కనే ఇంకో చూపు కూడా ఉంది. రంజాన్ నెలలో ఉపవాసమున్నవారి నోటివాసన దేవుడికి కస్తూరి కన్నా ఇష్టమని ఇస్లాం సంప్రదాయం. పగలంతా నీళ్ళు లేని నోరు ఎండుతుంది, శరీరం కొవ్వును కరిగించుకోవడంతో కీటోన్ల వాసన ఊపిరిలో చేరుతుంది. హైదరాబాద్ పాతబస్తీలో ఇఫ్తార్ వేళకు ముందు పక్కపక్కన కూర్చున్న మనుషుల మధ్య ఆ వాసనకు సిగ్గు లేదు. అదే సంప్రదాయంలో మిస్వాక్ పుల్లతో పళ్ళు తోముకోవడమూ ఉంది. వాసన ఒక్కటే, దానికి ఏ అర్థం కట్టాలన్నది సమాజం నిర్ణయం.

అందుచేత దంపతుల మధ్య ఈ మాట వచ్చేటప్పుడు ముందు ఏ వాసన గురించి మాట్లాడుతున్నామో తేల్చుకోవాలి. పాచి వాసన చెప్పాల్సిన రహస్యమే కాదు. అది ఇద్దరికీ ఉంటుంది. నెదర్లాండ్స్ పరిశోధకులు 2014లో 21 జంటల నాలుకల మీది బ్యాక్టీరియాను పోల్చి చూస్తే, కలిసి ఉండేవారి నాలుకల మీద సూక్ష్మజీవుల కూర్పు ఒకదానికొకటి దగ్గరగా కనపడింది. పది సెకన్ల ముద్దులో సుమారు 8 కోట్ల బ్యాక్టీరియా చేతులు మారుతుందని, కాదు, నోళ్ళు మారుతుందని వాళ్ళే లెక్కకట్టారు. అంత ఉమ్మడి ఆస్తి ఉన్నచోట ఒకరు ఇంకొకరిని ఎత్తిపొడవడంలో అర్థం లేదు. పాచి వాసనకు మొహం కడుక్కోవడం, నీళ్ళు తాగడం, నాలుగు మెతుకులు నమలడం చాలు. నమలడంతోనే లాలాజలం మళ్ళీ ఊరుతుంది. పాత తెలుగులో 'వలపు' అంటే ప్రేమా, పరిమళమూ రెండూ. ఆ రెండు అర్థాలూ తెల్లవారుజామున ఒకేసారి కుదరాలని ఎవరూ పట్టుబట్టకూడదు.

చెప్పి తీరాల్సింది పగటి వాసన. పళ్ళు తోముకుని, టిఫిన్ తిని, మధ్యాహ్నం దాటాక కూడా, రోజుల తరబడి వస్తున్న వాసన. దాని వెనక చాలా తరచుగా ఉండేది చిగుళ్ళ జబ్బు. గార పేరుకుని, చిగురు వదులై, పంటి మొదట్లో ఏర్పడిన లోతైన సందుల్లో మిథైల్ మెర్కాప్టన్ తయారుచేసే బ్యాక్టీరియా స్థిరపడుతుంది. నొప్పి ఉండదు గనక మనిషికి తెలియదు. మధుమేహం ఉన్నవారికి చిగుళ్ళ జబ్బు ఎక్కువ, చిగుళ్ళ జబ్బు ముదిరితే చక్కెర అదుపు కష్టం. టాన్సిల్స్ గుంతల్లో గట్టిపడిన తెల్లటి ఉండలు, పాత సైనస్, రాత్రిళ్ళు కూడా తీయని కట్టుడుపళ్ళు కూడా కారణాలవుతాయి. కొన్ని వాసనలు ఇంకా దూరం నుంచి వస్తాయి. మధుమేహి ఊపిరిలో మాగిన పండు వాసనలాంటిది వచ్చి, వాంతులు, ఆయాసం తోడైతే అది కీటోన్లు ప్రమాదస్థాయికి చేరిన గుర్తు, ఆ పూటే ఆస్పత్రికి వెళ్ళాలి. మూత్రపిండాలు దెబ్బతిన్నప్పుడు అమ్మోనియా వాసన, కాలేయం విఫలమైనప్పుడు ఒక రకం తీపి ముక్కవాసన వస్తాయని వైద్య విద్యార్థులు మొదటి ఏళ్ళలోనే నేర్చుకుంటారు. ఆ రోగి భార్యకో భర్తకో ఆ తేడా వైద్యుడి కన్నా ముందే తెలిసి ఉంటుంది, పేరు తెలియకపోవచ్చు.

ఎలా చెప్పాలన్నదానికి సూత్రమంటూ లేదు గానీ, మాట ఎలా మొదలైందన్నది చిన్న విషయం కాదు. వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో సిబిల్ కరేర్, జాన్ గాట్‌మన్ 124 కొత్త జంటలను గమనించి, గొడవపడే విషయం మీద వాళ్ళ సంభాషణలోని మొదటి 3 నిమిషాలను బట్టి ఆ పెళ్ళి నిలుస్తుందో లేదో ముందే పసిగట్టవచ్చని 1999లో ప్రకటించారు. "అబ్బ, ఏం కంపు! అటు తిరిగి పడుకో" అన్నప్పుడు మాట మొదలవుతూనే ముగిసింది. అవతలివారికి అందింది అసహ్యం, సమాచారం కాదు. అదే సంగతి నడివయసు ఇల్లాలు ఇలా అనవచ్చు: "ఏమండీ, నాలుగు రోజుల్నించి చూస్తున్నాను, మధ్యాహ్నం పూట కూడా మీ నోరు కాస్త వాసనొస్తోంది. పళ్ళు తోముకునేటప్పుడు రక్తమేమైనా వస్తోందా? ఆదివారం పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్దాం, నా పన్ను కూడా చూపించుకోవాలి." ఇందులో ఎన్నాళ్ళనుంచో ఉంది, ఏ వేళో ఉంది, ఒక ప్రశ్న ఉంది, తోడు ఉంది. వంక లేదు. ఒకరినొకరు నువ్వు అనుకునే ఇవాళ్టి పిల్లలకు ఇంత పొడుగు అక్కర్లేదు. "నోరు వాసనొస్తోందిరా, నీళ్ళు సరిగ్గా తాగట్లేదా?" అంటే చాలు. అత్తగారి ముందు, పిల్లల ముందు, చుట్టాలు వచ్చిన పూట మాత్రం ఏ మాటా వద్దు. ముద్దుకు దగ్గరైన క్షణంలో అసలే వద్దు. ఆ మాట పడ్డ మనిషి తర్వాత నెలల తరబడి పెదవులు బిగించుకునే దగ్గరికొస్తాడు.

మొహం కడుక్కుని రండి అనే మన పాత వాక్యం పాచికి సరిపోయినంతగా ఈ పగటి వాసనకు సరిపోదని గమనించాలి. సూచనతో సరిపెట్టుకునే మర్యాద రోజూ ఉండే విషయానికి బాగుంటుంది. జబ్బు విషయంలో సూచన అర్థం కాకపోతే నష్టం. చూయింగ్ గమ్ చేతికందించడం, సోంపు ముందుపెట్టడం, ఫ్యాన్ వేగం పెంచడం లాంటి సైగలను చదవమని ఎదుటివారిని వదిలేయడం ఇలాంటిచోట దయ కాదనిపిస్తుంది. చికాగో విశ్వవిద్యాలయంలో ఎమ్మా లెవీన్, ఆమెతో పాటు టాయా కోహెన్ 2018లో ప్రచురించిన అధ్యయనంలో కొందరిని మూడు రోజులపాటు అందరితో పూర్తి నిజాయితీగా ఉండమన్నారు. అది ఎంతో ఇబ్బందిగా ఉంటుందని, బంధాలు చెడతాయని ఊహించి చెప్పినవాళ్ళు అనుకున్నారు. తీరా చేసినవాళ్ళకు అనుకున్నంత చెడ్డగా జరగలేదు.

నిజం చెప్పే అలవాటు పనికొచ్చే ఇంకో సందర్భం ఉంది, దాని గురించి తక్కువగా మాట్లాడతారు. నోటివాసన వైద్యశాలలకు వచ్చేవారిలో కొందరికి అసలు వాసనే ఉండదు. 1990ల చివర జపాన్ పరిశోధకులు చేసిన వర్గీకరణలో వీళ్ళకు ప్రత్యేకంగా చోటు ఇచ్చారు. నిజమైన వాసన ఉన్నవారు ఒక రకం. లేకపోయినా ఉందనుకుని, వివరించి చెబితే నమ్మేవారు రెండో రకం. ఎంత చెప్పినా నమ్మని భయం పట్టుకున్నవారు మూడో రకం. ఈ మూడోవాళ్ళు ఎదుటివారు ముక్కు గోక్కున్నా తమ గురించేననుకుంటారు. బస్సులో కిటికీ తెరిస్తే తమవల్లేననుకుంటారు. రుమాలు అడ్డం పెట్టుకుని మాట్లాడతారు, పెళ్ళిళ్ళకు పోరు, రోజుకు ఆరేడుసార్లు పళ్ళు తోముతారు. యంత్రంలో అంకె చూపించినా యంత్రం పాడైందంటారు.

అందుకే ఆ వైద్యశాలల్లోని వైద్యులు రోగిని వచ్చేటప్పుడు నమ్మకమైన మనిషిని వెంట తెచ్చుకొమ్మంటారు. వాసన ఉందో లేదో ఇంట్లో ఏ వేళ ఎలా ఉంటుందో చెప్పడానికి, చికిత్స తర్వాత తగ్గిందో లేదో చెప్పడానికి. ఆ గదిలో ఇద్దరు కూర్చుని ఉన్నారనుకోండి. ఆమె పెదవులమీద చేతిరుమాలు ఉంది. పక్కనున్న భర్త, "డాక్టరుగారూ, మా ఆవిడ నోరు ఏ వాసనా రాదండీ" అంటాడు. ఆమె తల తిప్పి అతన్ని చూస్తుంది. ఆమెకు ఆ క్షణాన గుర్తొచ్చేది రెండేళ్ళ కిందటి ఒక మధ్యాహ్నం. జ్ఞానదంతం వెనక చీముపట్టి నిజంగానే వాసన వచ్చిన రోజున, తలుపు దగ్గరికేసి, పక్కన కూర్చుని, తనకు ఆ సంగతి చెప్పింది ఇతనే. రుమాలు మెల్లగా ఒళ్ళోకి దిగుతుంది.